మాడు చెక్క

ఎప్పటినుంచి, అని అడిగింది డాక్టర్ న్యాబోకె.

వాళ్లమ్మ కెరిచో తేయాకు తోటల్లో ఉంది,
ఎంత తొందరపడినా రేపు గానీ రాలేదు.
హెడ్మాస్టరు నన్ను తోడిచ్చి పంపాడు.
బడి వంటమనిషిని, నాకేం తెలుస్తుంది?

తెలుసు.

మూడువందల అరవై కంచాలు
నా చేతిమీదుగా వెళ్లి నా చేతికే తిరిగొస్తాయి.
మొహాలు చూసే తీరిక ఉండదు,
కంచాలు చూస్తాను.

కిబివోట్ కంచం ఒకప్పుడు కడగక్కర్లేదు.
ఉగాలి ముద్ద పిసికి, బొటనవేలితో గుంట నొక్కి,
ఆ గుంటతోనే ఆకుకూర తోడుకుని తినేవాడు.
వానలో పుట్టాడని ఆ పేరు పెట్టారట,
వానలాగే తినేవాడు, ఆగకుండా.

మార్చి వానలకి ముద్ద అంచులు మిగిలాయి.
ఏరా, పిండి పురుగు పట్టిందా అన్నాను.
లేదు తాప్‌న్యోలెయ్, నీళ్లు తాగితే దిగుతోంది అన్నాడు.

నీళ్లు తాగితే దిగుతోంది.
ఆ మాటని నేను నమలకుండా మింగేశాను.

మేలో చిక్కుడు గింజలు మిగిలాయి.
జూన్‌లో ఒకరోజు పొలమారి, నోరు మూసుకుని
గేటుదాకా పరిగెత్తాడు. బల్లమీద పిల్లలు నవ్వారు.
నేను కూడా గరిటె ఊపుతూ
నెమ్మదిగా తినరా, ఎవడూ లాక్కోడు అని అరిచాను.
ఆగస్టులో టీలో నానిన రొట్టె.
తర్వాత ఉత్త టీ.
చొక్కా కాలర్లో మెడ
సీసాలో పెట్టిన పువ్వు కాడలా అయింది.

నర్సు రాసుకుంది: గట్టివి, మెత్తనివి, పల్చనివి.
ఆరునెలల నా కంచాలన్నీ
మూడు మాటల్లో పట్టేశాయి.

పదహారేళ్లా, అంది డాక్టరు.
కాగితం చూసి మళ్లీ అడిగింది, పదహారేనా.
ముసలివాళ్ల గొంతు దిగువన కాసే కాయ అట అది.
పిల్లల్లో చాలా అరుదు అంది,
అరుదైనది మా వంటింటి దారి ఎలా కనుక్కుందో.

నా టీ మరీ వేడిగా ఉంటుందా అమ్మా?
నా పొయ్యి పొగా?
ఇంట్లో సొరబుర్రకి బొగ్గు పూసి పులియబెట్టే పాలా?
మా తాత తొంభైయేళ్లు తాగాడు ఆ పాలు.

తెలియదు, అంది. నీ తప్పు అనడానికి నా దగ్గర ఏమీ లేదు.
కాదు అనలేదు.
ఆ మాట ఇంకా నాకు మింగుడు పడలేదు.

రెండోరోజు వాళ్లమ్మ వచ్చింది.
వేళ్లకి తేయాకు మరక, నోట మాట లేదు.
వాడే ఆమెకి చెప్పాడు, సైన్సు పాఠం చెప్పినట్టు:
చేపల బుట్టలా అల్లిన తీగ గొట్టం,
నోట్లోంచి దించుతారు, లోపల విచ్చుకుంటుంది.
దారి తెరుచుకుంటుందమ్మా.
రోగం అక్కడే ఉంటుందన్న మాట డాక్టరు చెప్పింది,
వాడు దాన్ని అమ్మకి దించలేదు.

ఇప్పుడు వాడికి వేరే గిన్నె పెడతాను.
అంబలి, మెత్తగా చిదిపిన గుమ్మడి,
గంటకోసారి, కాసిని కాసిని.
నవంబరు పరీక్షకి చదువుతూ
వంటింటి అరుగుమీద కూర్చుంటాడు, వెచ్చగా ఉంటుందని.

నిన్న ఉగాలి కుండ గీకుతున్నాను.
మాడు చెక్క ఒకటి, అరచేతంత, ఎర్రగా వేగి ఊడింది.
తాప్‌న్యోలెయ్, అది ఇవ్వు.
వద్దురా, అడ్డం పడుతుంది.
మింగను. ఒట్టు.

వెనక్కి తిరిగి ఉల్లిపాయలు తరిగాను.
కరకర.
ఎంతసేపు నమిలాడో.
తర్వాత బయటికి వెళ్లి కోళ్లకి ఉమ్మేసి వచ్చి,
నోరు తుడుచుకుని
ఉప్పు తక్కువైంది అన్నాడు.

రేపు వేస్తాను అన్నాను.